పరదేశపు బిడ్డ కోసం నిరీక్షణ: కఫాలత్ చరిత్రలో ఒక అధ్యాయం

పరదేశంలోని అనాథ శిశువును తెచ్చి పెంచుకోవాలని దరఖాస్తు పెట్టుకున్న దంపతులు ఏ మతస్థులైనా, ఏ దేశస్థులైనా, వారి రోజులు దాదాపు ఒకే తీరున గడుస్తాయి. ఉదయం ఉద్యోగానికి పోవాలి. సాయంత్రం వంట చూసుకోవాలి, ఇంటి అద్దె కట్టాలి, ముసలి తల్లిదండ్రుల మందుల సంగతి కనుక్కోవాలి. ఈ పనుల నడుమనే పోలీసు ధ్రువపత్రం, వైద్యుని పత్రం, జీతం రశీదులు సమకూర్చుకోవాలి. ఇల్లు చూడవచ్చే అధికారిణి అడిగే ప్రశ్నలకు ఓపికగా జవాబులు చెప్పాలి. ఒక పత్రం వచ్చేసరికి మరొక పత్రానికి గడువు తీరుతుంది. అమెరికాలో గృహపరిశీలన నివేదిక దాఖలు చేసేనాటికి ఆరు నెలలకు మించి పాతబడి ఉండరాదు. వేలిముద్రల తనిఖీ పదిహేను నెలలకు చెల్లిపోతుంది. చెల్లినవాటిని మళ్ళీ చేయించుకోవాలి. గోడకు తగిలించిన ఛాయాచిత్రంలోని శిశువుకు మాత్రం వయసు పెరగదు. అక్కడ, సముద్రానికి ఆవల, బిడ్డ నడక నేరుస్తుంది, మాటలు నేరుస్తుంది.

ముస్లిం దంపతుల విషయంలో ఈ నిరీక్షణకు ఇంకొకటి తోడవుతుంది. ఆ బిడ్డతో తాము పెట్టుకోదలచిన సంబంధానికి రెండు దేశాల చట్టాల్లో ఒకదానిలో పేరే ఉండదు. ఒక దేశంలో దత్తత ఉన్నది, కఫాలత్ లేదు. మరొక దేశంలో కఫాలత్ ఉన్నది, దత్తత లేదు. ఈ పేరు కోసం జరిగిన పెనుగులాటలో ఎంతోమంది పిల్లల బాల్యం ఖర్చయింది. ఇస్లాం చరిత్రలో ఈ పేరు సంగతి ఎక్కడ మొదలైందో చూస్తేగాని నేటి చిక్కు బోధపడదు.

అది కూడా ఒక పరాయి ప్రాంతపు బాలుడి కథతోనే మొదలవుతుంది. కల్బ్ తెగకు చెందిన హారిసా కుమారుడు జైద్ చిన్నతనంలో తల్లివెంట ఆమె పుట్టింటివారిని చూడబోగా, దోపిడి మూకలు దాడిచేసి అతణ్ణి ఎత్తుకుపోయాయి. బాలుణ్ణి ఉకాజ్ సంతలో అమ్మారు. హకీం బిన్ హిజామ్ అతణ్ణి కొని, తన మేనత్త హజ్రత్ ఖదీజా (రజి)కు ఇచ్చారు. ఆమె తన భర్తకు, అంటే నాటికి ఇంకా ప్రవక్తృత్వం లభించని ముహమ్మద్ (స) వారికి, కానుకగా సమర్పించారు. ఇక్కడ బాలుడు ఒక మంచి ఇంట పెరుగుతుండగా అక్కడ తండ్రి హారిసా కొడుకు బ్రతికి ఉన్నాడో లేడో తెలియక దేశాలు వెతికాడు. ఆ దుఃఖంలో అతడు చెప్పిన పద్యాలను చరిత్రకారులు భద్రపరిచారు. ఏండ్లు గడిచాక హజ్ యాత్రకు వచ్చిన కల్బ్ మనుషులు కొందరు మక్కాలో జైద్‌ను గుర్తుపట్టి కబురు చేరవేశారు. తండ్రి, పినతండ్రి విమోచన ధనం పట్టుకుని పరుగున వచ్చారు. ముహమ్మద్ (స) ధనం అడుగలేదు. నిర్ణయాన్ని జైద్‌కే వదిలారు. జైద్ ఆ ఇంటనే ఉంటానన్నాడు. అప్పుడు ఆయన జైద్‌ను కాబా వద్దకు తీసుకుపోయి, ఇతడు నా కుమారుడు, నాకు వారసుడు అని పదిమంది ఎదుట ప్రకటించారు. అది చూసి తండ్రి మనసు కుదుటపడి తిరిగి వెళ్ళాడు. నాటి నుంచి జనం అతణ్ణి జైద్ బిన్ ముహమ్మద్ అనసాగారు.

అరబ్బుల ఆచారం ప్రకారం ఇది సంపూర్ణ దత్తత. వంశం మారిపోతుంది, వారసత్వం మారిపోతుంది, కన్నతండ్రి పేరు చెరిగిపోతుంది. హిజ్రీ 5వ సంవత్సర ప్రాంతంలో అహ్‌జాబ్ సూరా ఈ ఆచారాన్ని సవరించింది. పెంపుడు బిడ్డలను వారి తండ్రుల పేరుతోనే పిలవాలనీ, తండ్రులెవరో తెలియనప్పుడు వారు ధర్మంలో సోదరులనీ, ఆప్తులనీ ఆదేశం వచ్చింది. జైద్ మళ్ళీ జైద్ బిన్ హారిసా అయ్యాడు.

ఈ ఘట్టాన్ని సాధారణంగా పెంచిన తండ్రి వైపు నుంచే చెబుతారు. హారిసా వైపు నుంచి చూసేవారు తక్కువ. కొడుకును పోగొట్టుకుని వెతికి వెతికి కనుగొన్న మనిషికి, కొడుకు మరొక ఇంట సుఖంగా ఉండటం చూసి తిరిగిపోయిన మనిషికి, ఈ ఆదేశం కనీసం పేరునైనా తిరిగి ఇచ్చింది. ప్రేమ విషయంలో మారినదేమీ లేదు. సహాబాలందరిలోకి దివ్య ఖుర్ఆన్‌లో పేరు పేర్కొనబడినవాడు జైద్ (రజి) ఒక్కరే. హిజ్రీ 8లో మూతా యుద్ధానికి సేనాధిపతిగా వెళ్ళి ఆయన అమరులయ్యారు. ఆయన కుమారుడు ఉసామా (రజి)ను ప్రవక్త (స) తమ చివరి దినాలలో, ఇంకా ఇరవై ఏండ్ల ప్రాయంలో ఉండగానే, పెద్దలు కూడా ఉన్న సేనకు నాయకునిగా నియమించారు.

ఆదేశం కారణంగా పెంపకం ఆగిపోలేదు; దానికి వేరొక రూపం ఏర్పడింది. అనాథను తన ఇంట చేర్చుకుని, తన బిడ్డతో సమంగా తిండి, బట్ట, చదువు, సంరక్షణ ఇచ్చే బాధ్యతకు కఫాలత్ అని పేరు. హజ్రత్ మర్యం పెంపకాన్ని జకరియ్యా (అ) స్వీకరించిన సందర్భంలో ఖుర్ఆన్ వాడిన క్రియ కూడా ఈ ధాతువుదే. కఫీల్ బిడ్డకు వంశం ఇవ్వడు, మిగిలినదంతా ఇస్తాడు. వారసత్వం లేకపోయినా ఆస్తిలో మూడోవంతు వరకు వీలునామా రాయవచ్చు. ఇండోనేషియా ఇంకొక అడుగు వేసి, 1991లో వెలువరించిన ఇస్లామీయ చట్ట సంకలనంలో, పెంపుడు బిడ్డకు వీలునామా రాయకుండా పోయినా మూడోవంతుకు మించకుండా వాటా దక్కేలా విధించింది.

ఇక మిగిలినది ఇంట్లో పరదా సంగతి. పెంపుడు బాలుడు పెద్దవాడయ్యాక పెంచిన తల్లికి, పెంపుడు బాలిక యుక్తవయస్కురాలయ్యాక పెంచిన తండ్రికి మహ్రమ్ కారు. దీనికి ఫిఖ్హ్ చూపిన మార్గం పాలసంబంధం. పెంచిన తల్లి తానే పాలిస్తే బిడ్డ ఆమెకు పాలబిడ్డ అవుతుంది. ఆమె చెల్లెలు పాలిస్తే బాలుడికి ఆమె పాల పెద్దతల్లి అవుతుంది. భర్త అక్కచెల్లెళ్ళలో ఒకరు పాలిస్తే బాలికకు అతడు పాల మేనమామ అవుతాడు. ఇమాం షాఫిఈ మతం ప్రకారం అయిదుసార్లు పాలివ్వాలి. హనఫీ మతంలో కొద్దిపాటి పాలైనా చాలు. అయితే దీనికి వయోపరిమితి ఉన్నది. ఇమాం అబూ హనీఫా (రహ్మ) ముప్పై నెలలన్నారు. ఆయన శిష్యులిద్దరూ రెండు సంవత్సరాలే అన్నారు. ఇతర ఇమాములు కూడా ఎక్కువగా రెండేండ్ల వద్దనే నిలిచారు.

నేటి కాలంలో ఈ వయోపరిమితి ఎంత బరువైనదో కచేరీలలో కూర్చున్నవారికి తట్టదు. ఎనిమిది నెలల శిశువు ఫైలు ఒక బల్ల మీది నుంచి మరొక బల్ల మీదికి పోయేలోపు రెండేండ్లు నిండితే, చట్టం దృష్టిలో జరిగినది జాప్యం మాత్రమే. షరీఅత్‌ను పాటించే కుటుంబానికి మాత్రం ఒక ద్వారం శాశ్వతంగా మూసుకుపోయినట్లు. అదే బిడ్డ, అదే ఇల్లు. కాని పదిహేనేండ్ల తరువాత ఆ ఇంట్లో మసలే తీరు వేరవుతుంది. నిరీక్షణ ఖరీదును రోజుల్లో లెక్కించేవారు ఈ పద్దును కూడా చేర్చాలి.

దేశాంతర దత్తత అనే వ్యవస్థ వయసు పెద్దదేమీ కాదు. రెండవ ప్రపంచయుద్ధానంతరం ఐరోపా అనాథలతో మొదలై, కొరియా యుద్ధంతో బలపడింది. 1955లో హ్యారీ, బెర్తా హోల్ట్ దంపతులు అమెరికా కాంగ్రెసు చేత ప్రత్యేక చట్టం చేయించుకుని ఎనిమిదిమంది కొరియా పిల్లలను తెచ్చుకున్నారు. ఆ బాటలో కొరియా నుంచి వెళ్ళిన పిల్లలు లక్షన్నరకు పైబడ్డారు. పెద్దవారై కన్నవారిని వెతుక్కుంటూ తిరిగివచ్చిన వారిలో అనేకులకు తమ కాగితాలలో అనాథ అని ఉన్నా, అసలు తల్లిదండ్రులు బ్రతికే ఉన్నారని తెలిసింది. 2025 మార్చిలో దక్షిణ కొరియా సత్యశోధన సంఘం ఈ వ్యవహారాన్ని పరిశీలించి, రికార్డుల తారుమారు జరిగిందనీ, ప్రభుత్వం తన బాధ్యత నెరవేర్చలేదనీ తేల్చింది. చెరిపివేసిన పేరును అడగడానికి బిడ్డలు డెబ్బై ఏండ్ల తరువాత రావడం చూస్తే, హారిసా కథ పాతబడలేదని తెలుస్తుంది.

1993 మే 29న హేగ్‌లో కుదిరిన దత్తత ఒడంబడిక ఈ వ్యాపారానికి పగ్గాలు వేసే ప్రయత్నం. స్వదేశంలో కుటుంబం దొరకనప్పుడే పరదేశానికి పంపాలనీ, కన్నవారి సమ్మతి డబ్బుతో పొందరాదనీ అది శాసించింది. పగ్గాలు పడినకొద్దీ నిరీక్షణ పెరిగింది. అమెరికాకు 2004లో ఇరవై రెండు వేలకు పైగా పిల్లలు రాగా, 2023 నాటికి ఆ సంఖ్య పదమూడు వందల లోపుకు దిగింది. 2024లో చైనా తన పిల్లలను పరదేశీయులకు ఇవ్వడం దాదాపు పూర్తిగా మానివేసినప్పుడు, 2020కి ముందే బిడ్డ ఫోటో అందుకున్న వందలాది కుటుంబాలు నడిమధ్యలో నిలిచిపోయాయి. గదిని సిద్ధంచేసి, మంచం కొని, నాలుగేండ్లు ఆ తలుపు తెరిచి చూస్తూ గడిపిన వారికి ఒక్క ప్రకటనతో అంతా ముగిసింది. జాగ్రత్త పేరిట తీసుకున్న చర్య న్యాయమే కావచ్చు. దాని భారం పడినది మాత్రం ఏ తప్పూ చేయనివారి మీద, అప్పటికే ఒక కుటుంబం పేరు విన్న పిల్లల మీద.

భారతదేశపు చరిత్ర మరొక తీరున నడిచింది. ఇక్కడ చాలాకాలం హిందువులకు తప్ప ఇతరులకు దత్తత చట్టమే లేదు. ముస్లింలు, క్రైస్తవులు, పార్సీలు, విదేశీయులు అందరికీ ఉన్న దారి ఒక్కటే: 1890 నాటి సంరక్షకులు, సంరక్షితుల చట్టం. విదేశీయుడు మన న్యాయస్థానంలో సంరక్షకునిగా నియామకం పొంది, బిడ్డను తన దేశానికి తీసుకుపోయి, అక్కడ దత్తత పూర్తి చేసుకునేవాడు. అంటే సుమారు వంద సంవత్సరాలపాటు భారతదేశం పరదేశీయులకు ఇచ్చినది, పేరు వేరైనా, కఫాలత్‌కు చాలా దగ్గరి వస్తువే. ఈ సంగతి గుర్తించినవారు అరుదు.

1972లో అందరికీ వర్తించే దత్తత బిల్లు రాజ్యసభలో ప్రవేశించింది. ముస్లిం సంస్థలు తీవ్రంగా వ్యతిరేకించాయి. 1978లో దానిని విరమించారు. 1980లో ముస్లింలను మినహాయించి తెచ్చిన మరో బిల్లు కూడా చట్టం కాలేదు. వ్యతిరేకతకు ధర్మపరమైన ఆధారం ఉన్నది, అందులో సందేహం లేదు. అయితే ఆ ఉత్సాహంలో సగమైనా కఫాలత్‌కు ఒక చట్టరూపం కల్పించడానికి వెచ్చించి ఉంటే, నేటి అనేక కుటుంబాల అవస్థ తప్పి ఉండేది. బిల్లు ఆగింది, అనాథ శాలలోని బిడ్డకు మాత్రం దానివల్ల ఇల్లు దొరకలేదు.

విదేశాలకు పంపే పిల్లల విషయమై ఒక న్యాయవాది రాసిన లేఖనే పిటిషనుగా స్వీకరించి, 1984 ఫిబ్రవరి 6న సుప్రీంకోర్టు లక్ష్మీకాంత్ పాండే కేసులో జస్టిస్ భగవతి ద్వారా విపులమైన నియమాలు నిర్దేశించింది. గుర్తింపు పొందిన సంస్థ ద్వారానే దరఖాస్తు రావాలనీ, కన్నవారి సమ్మతి నిజమైనదై ఉండాలనీ అందులోని ముఖ్యాంశాలు. అయినా అక్రమాలు ఆగలేదు. 1999లోను, 2001లోను హైదరాబాదులోని కొన్ని దత్తత సంస్థలపై కేసులు నమోదయ్యాయి. తెలంగాణ తండాలలోని పేద లంబాడా తల్లుల నుంచి ఆడశిశువులను స్వల్ప మొత్తానికి కొని, కాగితాలు సృష్టించి విదేశాలకు పంపుతున్నారన్నది అభియోగం. దర్యాప్తులు సాగినన్నాళ్ళు, అప్పటికే పిల్లలను కుదుర్చుకున్న విదేశీ కుటుంబాలు నెలల తరబడి, కొందరైతే ఏండ్ల తరబడి ఎదురుచూశాయి. శిశువులు ప్రభుత్వ గృహాలలో పెరిగారు. ఆ తండా తల్లుల కోణం నుంచి చూస్తే ఆ దర్యాప్తు అవసరమే. అటు తల్లి, ఇటు తల్లి, నడుమ శిశువు. వీరిలో ఎవరి నిరీక్షణ ఎక్కువ బరువైనదో తూచే త్రాసు ఏ కోర్టులోనూ లేదు. 2015 నాటి బాల న్యాయచట్టం, బిడ్డను అప్పగించిన తల్లిదండ్రులకు పునరాలోచనకు రెండు నెలల వ్యవధి ఇచ్చింది. దూరాన ఉన్న దంపతులకు అది మరో రెండు నెలల ఆలస్యం. కన్నతల్లికి అది చివరి అవకాశం.

అంతకుముందే 2000 సంవత్సరపు బాల న్యాయచట్టం, దానికి 2006లో చేసిన సవరణ, మతంతో నిమిత్తం లేకుండా దత్తతకు వీలు కల్పించాయి. 2014 ఫిబ్రవరి 19న సుప్రీంకోర్టు షబ్నం హష్మీ కేసులో ఈ చట్టం ముస్లింలకు కూడా అందుబాటులో ఉన్నదనీ, అయితే ఎవరినీ నిర్బంధించదనీ చెప్పింది. ముస్లిం పర్సనల్ లా బోర్డు అక్కడ తన వాదనలో కఫాలత్ వ్యవస్థను ప్రస్తావించింది. ప్రస్తావన వరకే జరిగింది. దానికి ప్రత్యేక చట్టం రాలేదు.

దీని ఫలితం హైదరాబాదు మూలాలు గల ప్రవాస కుటుంబాలకు బాగా తెలుసు. తమ్ముడు మరణించాడు, అతని బిడ్డను తమతో ఉంచుకోవాలని అమెరికాలోని అన్న కోరుకుంటాడు. మన సమాజంలో ఇది ఎవరినీ అడగనవసరం లేని విషయం. బాబాయి, పెదనాన్న అంటే తండ్రి తరువాత తండ్రే. కాని అక్కడి వలసచట్టం, దత్తత జరిగినట్లో, దత్తత ఉద్దేశంతోనే బిడ్డను అప్పగించినట్లో చూపమంటుంది. వట్టి సంరక్షకత్వపు ఉత్తరువు చాలదు. దత్తత కాగితం తీసుకుంటే తమ్ముడి పేరు చెరిగిపోతుందని భయం; తీసుకోకుంటే బిడ్డ రాదు. విదేశంలోని బంధువు దత్తత తీసుకునే పద్ధతిని 2015 చట్టం 60వ సెక్షను విడిగా చెప్పింది గాని, అదీ దత్తతే. కొందరు కాగితం మీద దత్తతకు అంగీకరించి, ఇంట్లోను, పాఠశాలలోను బిడ్డ కన్నతండ్రి పేరు నిలబెడుతున్నారు. ఉలమాలలో కొందరు దీనిని నిర్బంధ పరిస్థితిగా పరిగణిస్తారు, మరికొందరు అంగీకరించరు.

ముస్లిం దేశాలలో కూడా ఒకే పద్ధతి లేదు. ట్యునీషియా 1958 మార్చిలో దత్తతనే చట్టబద్ధం చేసింది. అల్జీరియా 1984 కుటుంబ స్మృతిలో దత్తతను నిషేధించి, కఫాలత్‌కు వివరమైన నిబంధనలు రాసింది. 1992లో ఒక శాసనం ద్వారా, తండ్రి తెలియని బిడ్డకు కఫీల్ ఇంటిపేరు పెట్టుకునే వీలు కల్పించింది. వంశం మారదు, కాని బడిలో ఆ బిడ్డ పేరు పిలిచినప్పుడు తక్కిన పిల్లలు వింతగా చూడరు. మొరాకో 2002లో తన కఫాలత్ చట్టాన్ని సవరించింది. పిల్లల రక్షణపై 1996లో వచ్చిన హేగ్ ఒడంబడికలో కూడా చేరింది. అంతర్జాతీయ పత్రాలలో కఫాలత్ అనే మాట చోటుచేసుకున్నది ఈ కాలంలోనే: 1989 నాటి బాలల హక్కుల ఒడంబడిక 20వ అధికరణంలో, తరువాత ఈ 1996 పత్రంలో.

మాట చేరినంత మాత్రాన దారి తెరుచుకోలేదు. స్పెయిన్ దంపతులు అనేకులు మొరాకోలో కఫాలత్ పొంది, తమ దేశంలో దానిని దత్తతగా మార్చుకోసాగారు. ఇచ్చిన మాట తప్పినట్లు మొరాకో భావించింది. 2012 సెప్టెంబరులో న్యాయశాఖ మంత్రి ముస్తఫా రమీద్, మొరాకోలో స్థిరనివాసం లేని పరదేశీయులకు కఫాలత్ ఇవ్వవద్దని సర్క్యులర్ జారీ చేశారు. అప్పటికే బిడ్డలను కలుసుకుని, ఉద్యోగాలకు సెలవుపెట్టి, మొరాకోలో ఇళ్ళు అద్దెకు తీసుకుని రోజూ శిశుగృహానికి పోయి వస్తున్న కుటుంబాలు పదుల సంఖ్యలో ఇరుక్కుపోయాయి. భార్య అక్కడ, భర్త ఇక్కడ. జీతం ఒకటి, అద్దెలు రెండు. తరువాత రెండు ప్రభుత్వాలు మాట్లాడుకోగా 2013లో కొన్ని కేసులు కదిలాయి.

ఫ్రాన్స్ మార్గం మరొకటి. పుట్టిన దేశపు చట్టం దత్తతను నిషేధిస్తే, ఆ బిడ్డను దత్తత ఇవ్వరాదని అక్కడ 2001లో చట్టం వచ్చింది. అల్జీరియా పాపను కఫాలత్‌పై పెంచుతున్న ఒక ఫ్రెంచి మహిళ దీనిపై ఐరోపా మానవహక్కుల న్యాయస్థానానికి వెళ్ళగా, 2012 అక్టోబరులో ఫ్రాన్స్ తప్పు చేయలేదనే తీర్పు వచ్చింది. బిడ్డ ఫ్రాన్స్‌లో పెరిగి పౌరసత్వం పొందాక ఆ నిషేధం దానంతటదే సడలిపోతుందన్నది కోర్టు చూపిన ఊరట. అక్కడ కూడా మందు నిరీక్షణే.

అన్నిటికన్నా వివరంగా రికార్డులకెక్కినది బ్రిటన్‌లో నివసించే ఒక జంట కథ. ఇద్దరూ ఫ్రెంచి పౌరులు. 2001లో బ్రిటన్‌లోనే వివాహం చేసుకున్నారు. సంతానం కలుగలేదు. 2009లో అల్జీరియా వెళ్ళి, అర్హత పరీక్షలన్నీ పూర్తిచేశారు. 2010 జూన్‌లో పుట్టి, పుట్టగానే విడిచిపెట్టబడిన ఒక పాపను 2011 మార్చిలో అల్జీరియా న్యాయస్థానం వారికి కఫాలత్‌పై అప్పగించింది. పాపకు అప్పటికి తొమ్మిది నెలలు. ఆ అక్టోబరులో భర్త బ్రిటన్‌కు తిరిగి పోయాడు. భార్య పాపతో అల్జీరియాలో ఉండిపోయింది. 2012 మేలో పాప ప్రవేశానికి దరఖాస్తు పెట్టారు. కఫాలత్ బ్రిటన్ చట్టంలో దత్తత కాదు అని జూన్‌లో తిరస్కరించారు. అక్కడి నుంచి కేసు ఒక మెట్టు తరువాత మరొక మెట్టు ఎక్కింది. ఒక కోర్టులో ఓటమి, మరొకదానిలో గెలుపు, ఇంకొకదానిలో మళ్ళీ ఓటమి. 2018 ఫిబ్రవరిలో బ్రిటన్ సుప్రీంకోర్టు విషయాన్ని ఐరోపా సమాఖ్య న్యాయస్థానానికి నివేదించింది. 2019 మార్చి 26న తీర్పు వచ్చింది: కఫాలత్ బిడ్డ ప్రత్యక్ష సంతానం కాదు, కాని కుటుంబ సభ్యురాలే. ఎంత చిన్న వయసు నుంచి ఆ ఇంట పెరిగింది, ఎంత ఆధారపడి ఉన్నది అన్నది పరిశీలించి, నిజమైన కుటుంబ జీవితం ఉంటే ప్రవేశం కల్పించాలి.

వంశం ఒకటి, ఇల్లు మరొకటి అని అహ్‌జాబ్ సూరా చేసిన విభజనకు, ఆ సూరాతో ఏ సంబంధమూ లేని న్యాయమూర్తులు తమ దారిన తాము ఇంతవరకు వచ్చారు. తీర్పు వెలువడేనాటికి పాప తొమ్మిదో ఏట నడుస్తున్నది. దరఖాస్తు పెట్టి ఏడేండ్లు కావస్తున్నది. ఆ తీర్పు నిలిచినది ఐరోపా సమాఖ్య పౌరుల స్వేచ్ఛా సంచార హక్కు మీద. 2020 జనవరి 31న బ్రిటన్ సమాఖ్య నుంచి వైదొలగింది. ఆ ఏడు డిసెంబరు 31తో ఆ హక్కు బ్రిటన్‌లో ముగిసింది. ఆ తరువాత అల్జీరియాలోనో, మొరాకోలోనో కఫాలత్ పొంది, బ్రిటన్‌లోని తమ ఇంటికి బిడ్డను తెచ్చుకోదలచిన దంపతులు వేరే నిబంధనల కింద మళ్ళీ మొదటి పత్రం నుంచి మొదలుపెట్టవలసి వచ్చింది.